‘తప్పు’ అన్నది ఎవరు? ఇంగ్లిష్ వాడుక గ్రంథాలపై ఒక పరిశీలన

కిందటి పాఠాల్లో మీరు ఇంగ్లిష్ వాక్య నిర్మాణాన్ని గురించి, క్రియారూపాలను గురించి తెలుసుకున్నారు. ఈ పాఠంలో కొత్త సూత్రాలు చెప్పడం లేదు. సూత్రాలు చెప్పే పుస్తకాలను ఎలా చదవాలి, వాటి మాటను ఎంతవరకు నమ్మాలి అన్నదే ఇక్కడి విషయం. కాబట్టి దీన్ని విమర్శ పాఠంగా చదవండి. కావ్యాన్ని, నవలను విమర్శనా దృష్టితో చదివినట్లే వ్యాకరణ పుస్తకాన్ని కూడా చదవవచ్చు.

అధ్యయన కేంద్రాల్లో కాంటాక్ట్ తరగతులకు వచ్చే విద్యార్థులు అడిగే ప్రశ్నలు దాదాపు ఇలా ఉంటాయి. ‘లెస్ బుక్స్’ అనాలా, ‘ఫ్యూయర్ బుక్స్’ అనాలా? వాక్యం చివర ప్రిపోజిషన్ రావచ్చా? ‘ఐ షల్’ సరైనదా, ‘ఐ విల్’ సరైనదా? ‘డిస్కస్ అబౌట్’ ఎందుకు తప్పు? ‘ప్రిపోన్’ అనే మాట అసలు ఉందా? అడిగేవారికి కావలసింది ఒక్క మాట. ఒప్పా, తప్పా? వారి తొందర అర్థం చేసుకోదగినదే. ఉద్యోగానికి దరఖాస్తు రాయాలి. పేపరు దిద్దేవారు మార్కులు కోస్తారేమో, ఇంటర్వ్యూలో ఎదుటివారు నవ్వుకుంటారేమో అన్న బెంగ ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ బెంగ మరీ ఎక్కువ. బెంగ ఉన్నచోట ‘తప్పు’ అని గట్టిగా చెప్పే పుస్తకానికి గిరాకీ కూడా ఎక్కువే.

పై ప్రశ్నలు చూడటానికి ఒకేలా ఉన్నా ఒకే జాతివి కావు. ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు ‘డిస్కస్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అని మామూలుగా అనరు, రాయరు. ‘లెస్ బుక్స్’ వంటి ప్రయోగం మాత్రం వారి నోట వెయ్యేళ్లకు పైగా ఉంది. మొదటిదాన్ని తప్పు అంటే ఒక వాస్తవాన్ని చెప్పినట్లు. రెండోదాన్ని తప్పు అంటే ఒక అభిరుచిని చెప్పినట్లు. వాడుక గ్రంథాలు చాలావరకు ఈ రెండింటినీ ఒకే గొంతుతో చెబుతాయి. వాటి మీద ఈ పాఠం పెట్టే ప్రధానమైన అభియోగం ఇదే.

‘లెస్’, ‘ఫ్యూయర్’ కథ

లెక్కపెట్టగలిగే వాటికి ‘ఫ్యూయర్’, లెక్కపెట్టలేని వాటికి ‘లెస్’ వాడాలని మీరు చదివే ఉంటారు. ‘ఫ్యూయర్ బుక్స్’, ‘లెస్ వాటర్’. సూత్రం శుభ్రంగా ఉంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. అందుకే అది ఇంతకాలం బతికింది.

దీని పుట్టుక ఎక్కడో చూద్దాం. 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆంగ్లేయుడు ఇంగ్లిష్ భాషపై తన ఆలోచనలను ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. సంఖ్య గురించి చెప్పేటప్పుడు జనం ఎక్కువగా ‘లెస్’ అనే అంటున్నారనీ, అక్కడ ‘ఫ్యూయర్’ అయితే మేలని తనకు తోస్తున్నదనీ అందులో పేర్కొన్నాడు. మీరు గమనించవలసిన అంశం ఒకటుంది. జనం ఎక్కువగా వాడేది ‘లెస్’ అని ఆయనే ఒప్పుకున్నాడు. తన మాటను ఆజ్ఞగా కాక, తనకు నచ్చిన పద్ధతిగా చెప్పాడు. తొమ్మిదో శతాబ్దిలో ఆల్‌ఫ్రెడ్ రాజు కాలం నాటి పాత ఇంగ్లిష్‌లోనే ‘లెస్’ లెక్కపెట్టగలిగే వాటికి వాడిన ఆధారాలు ఉన్నాయి. ఒక మనిషికి తోచిన మాట తర్వాతి వ్యాకర్తల చేతుల్లో పడి శాసనమైంది. ‘నాకు ఇలా అనిపిస్తోంది’ అన్న ముక్క దారిలో ఎక్కడో రాలిపోయింది.

శాసనం అయ్యాక కూడా అది పూర్తిగా అమలు కాలేదు. ‘లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్’, ‘లెస్ దాన్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్’ అని సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నవారే రాస్తారు. కిలోమీటర్లను, రూపాయలను లెక్కపెట్టలేమా? దూరాన్ని, డబ్బును ఒక మొత్తంగా చూస్తాం కాబట్టి అక్కడ ‘లెస్’ సరైనదని సమాధానం చెబుతారు. సమాధానం సబబైనదే. అయితే అసలు సూత్రం లెక్కపెట్టడం గురించి కాదని, మనం దేన్ని ఎలా చూస్తున్నామన్న దాని గురించి అని తేలింది కదా! బ్రిటన్‌లో పెద్ద దుకాణాల్లో కొద్ది సరుకులు కొన్నవారి కోసం విడిగా ఉండే వరుసల దగ్గర ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ అనే తరహా బోర్డులు ఉండేవి. వాటి మీద సణుగుడు పెరిగి, 2008లో టెస్కో సంస్థ రెండు మాటలనూ తప్పించి ‘అప్ టు టెన్ ఐటమ్స్’ అని మార్చుకోవడానికి సిద్ధపడింది. తగవు తీర్చలేనప్పుడు ఊరి పెద్దలు చేసే పనే అది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. తెలుగులో ఈ రెండింటికీ ‘తక్కువ’ అన్న ఒకే మాట ఉంది. నీళ్లు తక్కువ, మనుషులు తక్కువ. అందువల్ల మనవారు ‘లెస్ బుక్స్’ అంటారని, అది పెద్ద దోషమని పుస్తకాలు చెబుతాయి. నిజానికి మన ఇబ్బంది అక్కడ లేదు. ఏ నామవాచకం లెక్కపెట్టదగినది అన్న దగ్గర ఉంది. పాలు విరిగాయి, నీళ్లు వచ్చాయి, సామాన్లు సర్దారు అంటాం. ఇవన్నీ తెలుగులో బహువచనాలు. ఇంగ్లిష్‌లో ‘మిల్క్’, ‘వాటర్’, ‘లగేజ్’ ఏకవచనంలాగే నడుస్తాయి. పాలు, నీళ్ల దగ్గర మనం పొరపడం. చిన్నప్పటి నుంచి విన్న మాటలవి. సామాన్ల దగ్గరే ‘లగేజెస్’ అని, కుర్చీలూ బల్లలూ కళ్లెదుట విడివిడిగా కనిపిస్తున్నాయి కాబట్టి ‘ఫర్నిచర్స్’ అని, సలహాలకు ‘అడ్వైజెస్’ అని, పరికరాలకు ‘ఎక్విప్‌మెంట్స్’ అని రాస్తాం. ‘లెస్ బుక్స్’ అన్న ప్రయోగాన్ని చదివేవారిలో చాలామంది గమనించను కూడా గమనించరు. ‘మెనీ ఫర్నిచర్స్’ అన్నది మాత్రం ఇంగ్లిష్ బాగా తెలిసిన ప్రతివారి కంటికీ తగులుతుంది. మొదటిదానికి ఒక పేజీ, రెండోదానికి ఒక పంక్తి కేటాయించే పుస్తకం మీ కోసం రాసింది కాదని గ్రహించాలి.

పరీక్షలో ఏమి రాయాలి అంటారా? ‘ఫ్యూయర్ బుక్స్’ అనే రాయండి. ఖర్చు లేని జాగ్రత్త అది. ఎవరైనా ‘లెస్’ అంటే మాత్రం వారికి ఇంగ్లిష్ రాదని తీర్మానించకండి.

సూత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

వాక్యం చివర ప్రిపోజిషన్ ఉండకూడదన్న నియమం కథ ఇంకా విచిత్రమైనది. 1672లో కవి జాన్ డ్రైడెన్, ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రచనలో ఇటువంటి ప్రయోగాన్ని దోషంగా ఎత్తిచూపాడు. దోషం ఎందుకయిందో వివరించలేదు. 1684లో తన పాత వ్యాసాన్ని మళ్లీ అచ్చువేసినప్పుడు తన వాక్యాల చివర ఉన్న ప్రిపోజిషన్లను కూడా ఏరి ముందుకు జరిపాడు. ఆ కాలపు పండితులకు లాటిన్ ఆదర్శం. లాటిన్‌లో ప్రిపోజిషన్ సాధారణంగా తన నామవాచకాన్ని విడిచి వాక్యం చివరకు పోదు. తెలుగువారికి ఇది చదివితే కొంచెం నవ్వు రావాలి. మనకు ఆ పని చేసే విభక్తి ప్రత్యయాలు నామవాచకం వెనకే వస్తాయి. ఒక భాషకు సహజమైనది ఇంకో భాషకు దోషం ఎలా అవుతుంది?

1762లో రాబర్ట్ లౌత్ తన చిన్న వ్యాకరణంలో ఈ ప్రయోగాన్ని నిషేధించనే లేదు. మాటల్లోను, తేలిక శైలిలోను ఇది మామూలేననీ, గంభీరమైన రచనలో ముందు పెడితే హుందాగా ఉంటుందనీ అన్నాడు. ఆ సంగతి చెబుతూ ఆయన రాసిన వాక్యమే ప్రిపోజిషన్‌తో ముగుస్తుంది! లౌత్ చేసిన ఈ శైలీభేదం విలువైనది. తర్వాత వచ్చిన బడి వ్యాకరణాలు భేదాన్ని వదిలేసి నిషేధాన్ని మాత్రం ఉంచుకున్నాయి.

‘టు’కూ క్రియకూ మధ్య ఇంకో మాట దూర్చరాదన్న నియమం, అంటే ‘టు క్లియర్లీ స్టేట్’ వంటివి కూడదన్నది, పంతొమ్మిదో శతాబ్దిలో బలపడింది. కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో వెలువడిన ‘ద క్వీన్స్ ఇంగ్లిష్’లో దీనికి అభ్యంతరం చెప్పాడు. ఇక ‘హోప్‌ఫుల్లీ’ అని వాక్యం మొదలుపెట్టరాదన్న నియమం 1960ల నాటిది. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన శైలి పుస్తకంలో దాన్ని వదులుకుంది. పాత పుస్తకం చేతిలో ఉన్న విద్యార్థి మాత్రం చచ్చిన పాముకు ఇంకా భయపడుతూనే ఉంటాడు.

ఫౌలర్

ఇంగ్లిష్ వాడుక గ్రంథాలన్నింటిలోకీ పేరుపొందినది హెన్రీ వాట్సన్ ఫౌలర్ రాసిన ‘ఎ డిక్షనరీ ఆఫ్ మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్’. 1926లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. ఫౌలర్ మొదట బడిపంతులు. తమ్ముడు ఫ్రాన్సిస్‌తో కలిసి 1906లో ‘ద కింగ్స్ ఇంగ్లిష్’, 1911లో ‘కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ’ తయారుచేశాడు. తమ్ముడు 1918లో చనిపోగా ఈ పెద్ద గ్రంథాన్ని ఒంటరిగా పూర్తిచేసి అతనికే అంకితమిచ్చాడు.

ఫౌలర్‌ను మూర్ఖపు శాసనకర్తగా చిత్రించడం అన్యాయం. వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదన్నది జనం ముద్దుగా పెంచుకున్న మూఢనమ్మకం అన్నవాడు ఆయనే. ‘టు’ను విడదీయడం గురించి రాస్తూ ఇంగ్లిష్ మాట్లాడే ప్రపంచాన్ని ఐదు తెగలుగా విభజించాడు. అదేమిటో తెలియకపోయినా దాన్ని చూసి హడలిపోయేవారిని ఎగతాళి చేశాడు. ఇంత హాస్యం ఉన్న నిఘంటువు అరుదు. పండితుడి పరిహాసాన్ని మెచ్చుకుంటూ ఒక ఆరోపం అడుగుదాటి చదివేస్తాం.

చిక్కు కూడా అక్కడే ఉంది. ‘దట్’, ‘విచ్’ విషయం చూడండి. ఏ వస్తువో నిర్దేశించే ఉపవాక్యానికి ‘దట్’, అదనపు సమాచారం ఇచ్చే ఉపవాక్యానికి ‘విచ్’ అని రచయితలంతా ఒప్పుకుంటే స్పష్టత పెరుగుతుందని ఫౌలర్ సూచించాడు. ఎక్కువమంది రచయితలు గాని, గొప్ప రచయితలు గాని అలా రాస్తున్నారని తాను చెప్పడం లేదని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఇది వాడుకను వివరించడం కాదు, వాడుకకు ఒక సంస్కరణను ప్రతిపాదించడం. అమెరికాలో చాలామంది సంపాదకులకు ఆ ప్రతిపాదనే తర్వాత నియమమైంది. బ్రిటన్‌లో ‘విచ్’ను రెండు చోట్లా ఇప్పటికీ వాడుతున్నారు. బేకర్ విషయంలో జరిగినదే ఇక్కడా జరిగింది, ఈసారి ఇంకా పెద్ద ఎత్తున.

‘షల్’, ‘విల్’ సంగతి మనకు ఇంకా దగ్గరిది. ఉత్తమపురుషలో భవిష్యత్తుకు ‘షల్’, మిగిలిన పురుషలలో ‘విల్’, దృఢసంకల్పమైతే తారుమారు. ఈ నియమాన్ని 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణంలో చూస్తాం. ఫౌలర్ సోదరులు ‘ద కింగ్స్ ఇంగ్లిష్’లో దీనికి దాదాపు ఇరవై పేజీలు ఇచ్చారు. ఇచ్చి, మొదట్లోనే ఒక మాట అన్నారు. దక్షిణ ఇంగ్లండ్‌లో పుట్టినవారికి ఇది పుట్టుకతోనే వస్తుందట. అలా పుట్టనివారికి పట్టుబడటం చాలా కష్టమట. అంటే తెలిసినవారికి అక్కర లేదు, తెలియనివారికి పనికిరాదు. స్కాట్లండ్, ఐర్లండ్, అమెరికా ప్రజలకే అంటని ఈ నియమాన్ని మన దేశంలో తరతరాల పిల్లలు వల్లెవేశారు. రెన్, మార్టిన్ రాసిన ప్రసిద్ధ బడి వ్యాకరణం మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటుంది. తర్వాతి ముద్రణలను సవరించినవారు ఎన్. డి. వి. ప్రసాదరావు. అభ్యాసాల కూర్పులో దానికి సాటి తక్కువ. ఎందరికో ఇంగ్లిష్ వాక్యం నిలబెట్టడం నేర్పిన పుస్తకం. కానీ మన ఊరి పిల్లవాడు లండన్ పెద్దమనిషి ‘షల్’ కోసం పడిన శ్రమలో సగం ‘ఎ’, ‘ద’ల మీద పడి ఉంటే ఎంత బాగుండేది! నేడు ‘ఐ విల్’ అంతటా సరైనదే. ‘షల్ ఐ ఓపెన్ ద విండో?’ వంటి అడగడంలో, చట్టాల భాషలో ‘షల్’ మిగిలింది. అంతవరకు తెలిస్తే చాలు.

స్ట్రంక్, వైట్

అమెరికాలో ఫౌలర్ స్థానాన్ని ఆక్రమించినది చాలా చిన్న పుస్తకం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన విలియం స్ట్రంక్ 1918లో తన విద్యార్థుల కోసం ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ సొంతంగా అచ్చువేసుకున్నాడు. ఆయన శిష్యుడు, రచయిత ఇ. బి. వైట్ సవరించి పెంచిన ప్రతి 1959లో వచ్చింది. అనవసరమైన మాటలు తీసివేయండి అన్న దాని సలహా ఏ భాషకైనా పనికివస్తుంది. వ్యాకరణం విషయంలో మాత్రం దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. కర్మణి ప్రయోగం మానమని చెబుతూ ఇచ్చిన నాలుగు ఉదాహరణల్లో మూడు అసలు కర్మణి ప్రయోగాలే కావని భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లమ్ 2009లో చూపించాడు. వైద్యుడు రోగం పేరే తప్పు చెబితే మందు సంగతి ఏమనాలి? తెలుగులోనూ ‘చేయబడినది’, ‘ఇవ్వబడును’ అనే ఆఫీసు భాషను మనం తిట్టుకుంటాం. అది వేరే కారణానికి. తెలుగుకు ఆ ‘బడు’ ప్రయోగం అంత సహజం కాదు. ఇంగ్లిష్‌కు కర్మణి సహజం. ప్రయోగశాలలో చేసిన పని గురించి రాయవలసిన సైన్సు విద్యార్థికి తప్పనిసరి కూడా.

సాక్ష్యం అడిగిన పుస్తకం

1989లో వెలువడిన ‘మెరియం-వెబ్‌స్టర్స్ డిక్షనరీ ఆఫ్ ఇంగ్లిష్ యూసేజ్’ పై పుస్తకాలకు భిన్నమైనది. ఇ. వార్డ్ గిల్మన్ దీని సంపాదకుడు. ఒక్కొక్క వివాదాన్ని తీసుకొని, మొదట అభ్యంతరం చెప్పినవారు ఎవరు, ఎప్పుడు, వారి కారణం ఏమిటి, మంచి రచయితలు నిజంగా ఎలా రాశారు అని వరుసగా సాక్ష్యాలు చూపుతుంది. తీర్పు చివరన వస్తుంది. కొన్నిసార్లు అభ్యంతరం చెప్పిన పండితుడే తన రచనలో ఆ ‘దోషం’ చేశాడని కూడా తెలుస్తుంది.

ఈ పద్ధతి తెలుగు విద్యార్థులకు కొత్త కాకూడదు. గ్రాంథిక, వ్యావహారిక భాషావాదాల కాలంలో గిడుగు వెంకట రామమూర్తి చేసినది ఇదే. గ్రాంథికమే శుద్ధమని వాదించిన పండితుల రచనలను తీసుకొని, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే వారు చేసిన దోషాలను ఏరి చూపారు. పూర్వకవుల ప్రయోగాలను సాక్ష్యానికి పిలిచారు. ‘బాలవ్యాకరణం ఒప్పుకోదు’ అన్న వాదానికి, ‘కవులు రాశారు కదా’ అన్నది ఆయన జవాబు. ఇంగ్లిష్ వ్యాకరణ వివాదాలు చదివేటప్పుడు మీ దగ్గర ఈ వారసత్వం ఉందని మరచిపోకండి. దీని కోసం లండన్ వెళ్లనక్కర లేదు.

మెరియం-వెబ్‌స్టర్ పుస్తకానికీ లోపం ఉంది. రేపు పరీక్ష ఉన్నవారికి అది పెద్దగా ఉపయోగపడదు. రెండు పేజీల చరిత్ర చదివాక ‘రెండూ వాడుకలో ఉన్నాయి’ అంటే అర్ధరాత్రి చదువుకుంటున్నవారికి కోపం రాదా? పైగా దాని సాక్షులు ఎక్కువగా ఇంగ్లిష్ మాతృభాషగా గల రచయితలు. మనం చేసే పొరపాట్లు వారు చేయరు. కాబట్టి వాటి ప్రస్తావన అందులో చాలా తక్కువ.

రెండు నిలువు వరుసల పుస్తకాలు

ఇక మన బజార్లో దొరికే ‘సాధారణ దోషాలు’ పుస్తకాలు. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు. ఈ జాతికి మన దేశంలో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. భారతీయులు ఇంగ్లిష్ రాయడంలో చేసే పొరపాట్ల మీద జి. సి. విట్‌వర్త్ 1907లోనే ఒక గ్రంథం ప్రచురించాడు. విట్‌వర్త్ కనీసం చర్చించాడు. నేటి పుస్తకాల్లో చాలావాటిలో చర్చ పోయి గళ్లు మిగిలాయి. ‘లెస్ బుక్స్’, ‘డిస్కస్ అబౌట్’, ‘ప్రిపోన్’, ‘కజిన్ బ్రదర్’ నాలుగూ ఒకే ఎడమ గడిలో నేరస్థుల్లా నిలబడి ఉంటాయి. ఎవరు ఏ నేరం చేశారో పుస్తకం చెప్పదు.

కారణం చెప్పకపోతే నష్టం ఏమిటి? కారణం తెలిస్తే ఒక్క పొరపాటుతో పాటు పది పొరపాట్లు పోతాయి. ‘గురించి చర్చించాం’ అన్న తెలుగు వాక్యం వెనక నిలబడి ‘డిస్కస్ అబౌట్’ అనిపిస్తోంది. ‘నా మీద కోపంగా ఉంది’ అన్నదే ‘యాంగ్రీ ఆన్ మీ’ అవుతోంది. ‘ఆమెతో పెళ్లయింది’ అన్నదే ‘మ్యారీడ్ విత్ హర్’ అవుతోంది. తెలుగు విభక్తిని ఇంగ్లిష్ ప్రిపోజిషన్‌గా మార్చుకుంటున్నామని ఒకసారి గ్రహిస్తే, క్రియ నేర్చుకునేటప్పుడే దాని వెంట వచ్చే ప్రిపోజిషన్‌ను కూడా నేర్చుకుంటారు.

‘నుంచి’ సంగతి చూడండి. ‘2015 నుంచి పనిచేస్తున్నాను’, ‘పదేళ్ల నుంచి పనిచేస్తున్నాను’. తెలుగులో రెండింటికీ ‘నుంచి’యే. ఇంగ్లిష్‌లో మొదలైన బిందువుకు ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. ‘సిన్స్ టెన్ ఇయర్స్’ అన్న ప్రయోగానికి మూలం ఇదే. అందులో మళ్లీ క్రియ కూడా మారాలి. ‘ఐ యామ్ వర్కింగ్’ కాక ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్’. ఉద్యోగ దరఖాస్తుల్లో ప్రతివారూ రాయవలసిన వాక్యం ఇది. దీనికి ఎంత అభ్యాసం చేసినా తక్కువే.

అన్ని పొరపాట్లనూ తెలుగు నెత్తిన రుద్దడం కూడా సరికాదు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అన్నది దేశమంతటా వినిపిస్తుంది. ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అన్న మన వాక్యంలో దానికి ఆధారం లేదు.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది ఒకటుంది. దానికి చాలా పుస్తకాల్లో చోటే లేదు. ‘మీకు ఉత్తరం అందలేదా?’ అని అడిగితే తెలుగులో ‘అవును, అందలేదు’ అంటాం. అడిగినవారి మాట నిజమని మన ‘అవును’కు అర్థం. ఇంగ్లిష్‌లో ‘యస్’ అన్నది అందినట్లు, ‘నో’ అన్నది అందనట్లు. ‘డిడ్ యూ నాట్ రిసీవ్ ద లెటర్?’ అన్న ప్రశ్నకు మీరు ‘యస్’ అని ఆగిపోతే, ఉత్తరం అందినా మీరు జవాబివ్వలేదని ఎదుటివారు రాసుకుంటారు. ఇందులో వ్యాకరణ దోషం ఏదీ లేదు. పేపరు దిద్దేవారు గుర్తుపట్టలేరు. పని మాత్రం చెడుతుంది. అలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ‘యస్’, ‘నో’లతో ఆగకుండా ‘ఐ డిడ్ నాట్ రిసీవ్ ఇట్’ అని పూర్తి వాక్యం చెప్పడం మంచిది.

మన ఇంగ్లిష్ మాటలు

ఎడమ గడిలో మిగిలిన ఖైదీలు ‘ప్రిపోన్’, ‘కజిన్ బ్రదర్’ వంటివి. వీటిని పైన చెప్పిన ఏ వర్గంలోనూ చేర్చలేం. ఇవి ఒకరి అభిరుచికి బలైన మాటలు కావు, తెలుగు వాక్యం నుంచి జారిపడిన పొరపాట్లూ కావు. మన దేశంలో కోట్లమంది ఒకరికొకరు అర్థమయ్యేలా వాడుకుంటున్న మాటలు.

‘పోస్ట్‌పోన్’ ఉన్నప్పుడు పరీక్షను ముందుకు జరపడానికి కూడా ఒక మాట కావాలి. ‘ప్రిపోన్’ ఆ అవసరం తీర్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా చేర్చుకుంది. ‘డు ద నీడ్‌ఫుల్’ మనవారు కల్పించినదని నవ్వుతారు. అది పాత బ్రిటిష్ వ్యాపార లేఖల భాష. అక్కడ పాతబడింది, మన ఆఫీసుల్లో నిలిచింది. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే విదేశీ సంస్థకు రాసేటప్పుడు ఏ పని చేయాలో అదే పేరుపెట్టి రాస్తే మీ పని త్వరగా అవుతుంది.

‘కజిన్ బ్రదర్’ మీద నాకు కొంత పక్షపాతం ఉంది. పెదనాన్న కొడుకు మనకు అన్న. మేనమామ కొడుకు బావ. ఒకరిని పెళ్లిచేసుకునే మాటే లేదు. ఇంకొకరితో సంబంధం కలుపుకునే ఆచారం ఉంది. ఇంగ్లిష్ ‘కజిన్’ ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది. ‘బ్రదర్’ చేర్చి మనవారు ఆ ఖాళీని పూడ్చారు. హైదరాబాదులో మీ స్నేహితురాలికి చెప్పేటప్పుడు ఆ మాట చేసే పని ‘కజిన్’ ఒక్కటే చేయలేదు. ఇంగ్లండ్‌లో ఉన్న పాఠకుడికి రాసేటప్పుడు మాత్రం ‘బ్రదర్’ ఏ సమాచారమూ ఇవ్వదు, అక్కడ ‘కజిన్’ చాలు.

‘రివర్ట్’ విషయంలో అంత ఉదారంగా ఉండలేను. ‘ప్లీజ్ రివర్ట్’ అంటే జవాబివ్వండి అని మనకు అర్థం. బయటివారిలో చాలామందికి ‘పాత స్థితికి వెళ్లండి’ అన్నదే ముందు తోస్తుంది. కొత్త అవసరమేదీ తీర్చకుండా, ఉన్న అర్థానికి అడ్డువచ్చే మాట ఇది. ‘రిప్లై’ ఉండగా దీనితో పనేమిటి?

అభ్యాసం

మీ దగ్గర ఉన్న ‘సాధారణ దోషాలు’ పుస్తకంలో ఏదైనా ఒక పేజీ తీసుకోండి. ఎడమ గడిలోని పది ప్రయోగాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, దాన్ని ఎవరు వాడతారు, ఎవరు వాడరు, చదివేవారికి అర్థం మారుతుందా, దాని వెనక తెలుగు వాక్యం ఏదైనా ఉందా అన్నది రెండు మూడు వాక్యాల్లో రాయండి. కారణం కనిపించని వాటిని విడిగా ఒక కాగితం మీద రాసుకొని కాంటాక్ట్ తరగతికి తీసుకురండి. సమాధానంలో ఎక్కడా ‘తప్పు’ అన్న మాట వాడకూడదు.